పేరు కలిస్తే చాలదు: ఇంగ్లండ్‌లో పూర్వీకులను వెతకడం ఎలా

మాంచెస్టర్‌లో ఉన్న మా మనవడికి స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నాన్న వైపుది పావుగంటలో అయిపోయింది. చీరాలలో మా మగ్గాల ఇల్లు, మా నాన్న, తాత, ముత్తాత, ఇంటిపేరు, గోత్రం అన్నీ నాకు నోటికే వచ్చు. అంతకు పైన అడిగితే మాత్రం నా దగ్గర కాగితం ముక్క లేదు. అమ్మ వైపుకు వచ్చేసరికి వ్యవహారం తిరగబడింది. మా కోడలు ఇంగ్లీషు అమ్మాయి. వాళ్ల ముత్తాత పేరే తనకు సరిగ్గా తెలియదు. కాగితాలు మాత్రం తవ్వేకొద్దీ వస్తూనే ఉన్నాయి. బ్యాంకులో లెడ్జర్లు తిరగేసిన అలవాటు కొద్దీ ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను.

మన ఇళ్లలోకి ఇంగ్లీషు కోడళ్లు, అల్లుళ్లు వస్తున్నారు. సికింద్రాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వాళ్లకు తమ మొదటి మనిషి ఏ ఊరి నుంచి ఓడెక్కాడో తెలుసుకోవాలని ఉంటుంది. అలాంటివాళ్ల కోసం నేను నడిచిన దారి రాస్తున్నాను. ఇది ఇంగ్లండ్, వేల్స్ వరకే. స్కాట్లండ్‌లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855లో విడిగా మొదలైంది, ఆ రికార్డులు వేరే చోట ఉంటాయి.

ముందు ఇంట్లో అడగండి

కంప్యూటర్ తెరిచేముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించండి. పేరు, పుట్టిన ఏడాది, ఊరు, చేసిన పని, ఎవరిని పెళ్లి చేసుకున్నారు, చర్చికి వెళ్లేవారా, వెళ్తే ఏ చర్చి. చివరి ప్రశ్న ఎందుకో తర్వాత చెబుతాను. పాత బైబిల్ ఉంటే మొదటి పేజీలు చూడండి. పిల్లల పుట్టిన తేదీలు అందులో రాసుకోవడం వాళ్లకు అలవాటు. మా వియ్యపురాలి అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఒక పెళ్లి సర్టిఫికెట్, రెండు అంత్యక్రియల కార్డులు దొరికాయి. తీగ అక్కడే దొరికింది.

ఇప్పటి మనిషి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. ఎక్కడో 1700ల్లో దొరికిన ఒక గొప్పాయనను పట్టుకుని, అక్కడినుంచి మీ దాకా దిగి రావాలని చూడకండి. అలా వస్తే దారిలో ఎవరో ఒకరిని బలవంతంగా అతికించాల్సి వస్తుంది.

1837 నుంచి ఇటు: సర్టిఫికెట్లు

1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వ రిజిస్టర్‌లోకి ఎక్కాయి. వీటన్నిటికీ ఇండెక్స్ ఉంది. ఫ్రీబీఎండీ అనే సైట్‌లో వలంటీర్లు టైప్ చేసి పెట్టిన ఇండెక్స్‌ను మన ఊళ్లో కూర్చుని ఉచితంగా వెతకవచ్చు. ప్రభుత్వ జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు కూడా సొంత ఆన్‌లైన్ ఇండెక్స్ ఉంది. అకౌంట్ తెరిస్తే చాలు, వెతకడానికి డబ్బు తీసుకోరు. రెండూ చూడాలి. ఎందుకంటే పాత అచ్చు ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి ఇంటిపేరు 1911 మధ్య నుంచే కనిపిస్తుంది, ఆఫీసు వాళ్లు కొత్తగా తయారుచేసిన దానిలో 1837 నుంచీ ఉంటుంది. ఒకే పేరున్న పదిమంది పిల్లల్లో మనవాడిని విడదీసేది ఆ పుట్టింటి పేరే. ఆ గడి ఖాళీగా ఉంటే తల్లికి అప్పటికి పెళ్లి కాలేదని చాలాసార్లు అర్థం.

ఇండెక్స్ మూడేసి నెలలకు ఒకటి. దాన్ని చివరి నెల పేరుతో పిలుస్తారు: మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు. చేయి తిరగడానికి మన గోదావరి కాటన్ దొరగారితోనే మొదలుపెట్టండి. ఆయన 1899 జూలై 24న సర్రీలోని డార్కింగ్‌లో పోయారు. అంటే 1899 సెప్టెంబరు క్వార్టర్, డార్కింగ్ జిల్లా. వయసు 96. పుట్టుకల విషయంలో ఇంకో మెలిక ఉంది. నమోదుకు 42 రోజుల గడువు. అందుకని డిసెంబరులో పుట్టిన పిల్లాడు తర్వాతి ఏడాది మార్చి క్వార్టర్‌లో తేలవచ్చు. 1875కు ముందు నమోదు చేయించకపోతే తల్లిదండ్రులకు జరిమానా ఉండేది కాదు కాబట్టి, మొదటి దశాబ్దాల్లో కొందరు పిల్లలు అసలు ఎక్కనే లేదు.

ఇండెక్స్ అంటే చిరునామా లాంటిది, అంతే. అసలు సరుకు సర్టిఫికెట్‌లో ఉంటుంది. అన్నీ కొనక్కర్లేదు. నన్నడిగితే పెళ్లి సర్టిఫికెట్‌కు మొదటి ఓటు. వధూవరుల వయసు, పని, ఇల్లు, ఇద్దరి తండ్రుల పేర్లు, తండ్రుల పని అన్నీ ఒకే కాగితంలో వస్తాయి. వయసు దగ్గర అంకె లేకుండా ‘ఫుల్ ఏజ్’ అని ఉంటే 21 దాటారని అర్థం. సంతకం బదులు గీసిన ఇంటూ గుర్తులు చూస్తే మన దస్తావేజుల్లో వేలిముద్రలు గుర్తొస్తాయి. తల్లుల పేర్లు మాత్రం అడగకండి. ఇంగ్లండ్ పెళ్లి రిజిస్టర్‌లో తల్లుల పేర్లకు చోటు దొరికింది 2021 మే నెలలో!

పాత పుట్టుక రికార్డుల్లోనూ, చావు రికార్డుల్లో కొన్నిటికీ ఇప్పుడు డిజిటల్ కాపీ ఇస్తున్నారు. సర్టిఫికెట్ కంటే చవక, ఆన్‌లైన్‌లోనే వస్తుంది. పోస్టులో ఇండియాకు రావాలని ఎదురుచూసే బాధ లేదు.

సెన్సస్: ఒక రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారు

వాళ్ల జనాభా లెక్కలు 1801లో మొదలయ్యాయి కానీ ఊరంతటి పేర్లూ మనకు దొరికేది 1841 నుంచి. ఆ తర్వాత పదేళ్లకోసారి, 1921 దాకా చూడవచ్చు. ప్రతి లెక్కకూ ఒక రాత్రి ఉంటుంది. ఆ రాత్రి ఆ కప్పు కింద పడుకున్న వాళ్లందరి పేర్లూ రాస్తారు. చుట్టపుచూపుగా వచ్చిన పిన్నమ్మ, పనిపిల్ల, అద్దెకున్న కుర్రాడు, అందరూ వస్తారు. ఆ పిన్నమ్మను వదలకండి. ఆవిడ ఇంటిపేరే ఒక్కోసారి గృహిణి పుట్టింటి పేరు.

1841 కాస్త పొదుపరి. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు అంకెలకు కిందికి దించి రాశారు. 34 ఏళ్ల మనిషి 30 అని కనిపిస్తాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. పుట్టింది ఇదే కౌంటీలోనా (మన జిల్లా లాంటిది) అంటే అవును, కాదు అని మాత్రమే ఉంటుంది. 1851 నుంచి చుట్టరికం, పెళ్లయిందా లేదా, పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోకి వచ్చే ప్రాంతం) పేరు కూడా వస్తాయి. ఆ పుట్టిన పారిష్ అనే గడి బంగారం. 1837కు ముందు పుట్టినవాళ్లను ఏ చర్చి రిజిస్టర్‌లో వెతకాలో చెప్పేది అదే.

1911 లెక్క చూస్తే మనసు కలుక్కుమంటుంది. అంతకు ముందు గుమాస్తాలు దిద్ది రాసిన నకళ్లే మిగిలాయి. 1911 నుంచి ఇంటాయన తన చేత్తో నింపిన ఫారమే చూడవచ్చు. పెళ్లయి ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని గళ్లు ఉంటాయి. మా కోడలి వాళ్ల ఇంట్లో పుట్టింది తొమ్మిది మంది, మిగిలింది అయిదుగురు.

1931 లెక్కలు 1942లో గోదాములో అగ్నిప్రమాదానికి కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కే లేదు. ఈ ఖాళీని పూడ్చేది 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టర్. అందులో పుట్టిన తేదీలు కూడా ఉంటాయి. బతికున్నవాళ్ల వరుసలను నల్లగా మూసేస్తారు.

1881 లెక్క ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితం. మిగతావాటి అసలు పేజీల బొమ్మలు ఎక్కువగా ఫైండ్‌మైపాస్ట్, యాన్సెస్ట్రీ లాంటి డబ్బు సైట్లలో ఉంటాయి. ఏడాది చందా కట్టేయకండి. ఇంగ్లండ్‌లో చాలా పబ్లిక్ లైబ్రరీల కంప్యూటర్లలో ఇలాంటివి ఉచితంగా చూడనిస్తారు. నేను లైబ్రరీలో కూర్చునే చాలావరకు లాగించాను.

వెతికేటప్పుడు స్పెల్లింగ్ మీద పట్టుదల వద్దు. చెప్పేవాడికి చదువు రాదు, రాసేవాడు విన్నట్టు రాశాడు. మా కోడలివాళ్ల లాంకషైర్ జనం మాటలో ‘హ’ మింగేస్తారు, అందుకని హార్‌గ్రీవ్స్‌లు ఆర్‌గ్రీవ్స్‌లుగా కూడా దాక్కుని ఉంటారు. ఇంటిపేరుతో దొరక్కపోతే, మొదటి పేరు, వయసు, ఊరు మాత్రం ఇచ్చి చూడండి.

నేను రెండు నెలలు పోగొట్టుకున్న చోటు

మా కోడలి వాళ్లు బర్న్‌లీ ప్రాంతం వాళ్లు. నేను వెతుకుతున్న పెద్దాయన పేరు హెన్రీ అనుకోండి. 1838 ప్రాంతంలో పుట్టాడు. ఇండెక్స్‌లో అదే పేరు, అదే ఇంటిపేరుతో ఒక హెన్రీ దొరకగానే ఎగిరి గంతేశాను. వాడి తండ్రి, తాత, తాత తండ్రి దాకా చర్చి రిజిస్టర్లు లాగేశాను. చార్టు రంగుల్లో ప్రింట్ కూడా తీయించాను.

తర్వాత హెన్రీ పెళ్లి సర్టిఫికెట్ వచ్చింది. తండ్రి పని ‘నేతగాడు’ అని ఉంది. నేను పట్టుకున్నవాడి తండ్రి రాళ్లు కొట్టే క్వారీ పనివాడు. మనిషి పని మార్చుకుని ఉంటాడులే అని సర్దిచెప్పుకోబోయాను. మా కోడలే, ‘మామయ్యా, ఒకసారి చావుల ఇండెక్స్ చూద్దాం’ అంది. చూస్తే నా హెన్రీ నాలుగేళ్ల వయసులోనే పోయాడు. పోయిన పిల్లాడికి నేను పెళ్లి చేసి, ఎనిమిది మంది పిల్లలను అంటగట్టాను.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఒక పుట్టుక దొరికితే, అదే పేరుతో చుట్టుపక్కల అయిదేళ్లలో పుట్టిన వాళ్లందరినీ ఒక కాగితం మీద రాస్తాను. చిన్నప్పుడే పోయినవాళ్లను కొట్టేస్తాను. మిగిలినవాళ్లు తర్వాతి సెన్సస్‌లో ఎక్కడున్నారో చూస్తాను. చివరికి ఒక్కడు మిగిలి, ఆ ఒక్కడి తండ్రి పేరు, తండ్రి పని, ఊరు, మూడింట్లో రెండైనా పెళ్లి సర్టిఫికెట్‌తో కలిస్తేనే చార్టులోకి ఎక్కిస్తాను. లేకపోతే పెన్సిల్‌తో రాసి పక్కన ప్రశ్నార్థకం పెడతాను. ప్రతి పేరు కిందా ఏ రికార్డులో, ఏ పేజీలో దొరికిందో రాసుకోండి. బ్యాంకులో వోచర్ లేకుండా ఎంట్రీ వేయం కదా, ఇదీ అంతే.

ఇతరులు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాలను కూడా ఈ కంటితోనే చూడండి. ఒకడు చేసిన తప్పును నలభై మంది కాపీ కొడితే అది నలభై సాక్ష్యాలు కాదు.

అసలు హెన్రీ నేతగాడి కొడుకే. 1841లో తండ్రి చేమగ్గం నేతగాడు, 1861కి కొడుకు మిల్లులో పవర్‌లూమ్ మీద పని. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్న మాట, లాంకషైర్ మిల్లు బట్ట వచ్చి మన మగ్గాల పొట్ట కొట్టిందని. ఆ మిల్లు ముందు తన ఊరి మగ్గాన్ని కూడా మింగిందని మా మనవడి రెండు వైపులా చూశాకే నాకు తట్టింది.

1837కు ముందు: చర్చి రిజిస్టర్లు

ఇక్కడినుంచి ప్రభుత్వం ఉండదు, చర్చి ఉంటుంది. 1538లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ బాప్టిజం, పెళ్లి, ఖననం రాసిపెట్టాలని ఆదేశించాడు. 1538 నుంచీ చెక్కుచెదరకుండా ఉన్నవి తక్కువ. 1640లు, 50ల్లో అంతర్యుద్ధం వల్ల చాలా చోట్ల పేజీలు ఖాళీ. 1598 నుంచి ఏటా బిషప్‌కు నకలు పంపాలనే నియమం ఉండేది, అసలు రిజిస్టర్ చెదలు తిన్న చోట ఆ నకలు ఆదుకుంటుంది.

బాప్టిజం అంటే పుట్టిన రోజు కాదు. మామూలుగా కొన్ని రోజులకో వారాలకో చేయిస్తారు, ఒక్కోసారి నలుగురు పిల్లలకు కలిపి ఒకే రోజు చేయించేస్తారు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి పని ఉంటాయి. అంతకుముందు చాలాసార్లు ‘విలియం కొడుకు జాన్’ అని ఒక్క ముక్క. పెళ్లిళ్లకు 1754 నుంచి వేరే పుస్తకం పెట్టి, సంతకాలు, సాక్షులు తప్పనిసరి చేశారు. సాక్షుల పేర్లు రాసుకోండి, బావమరుదులు అక్కడ దొరుకుతారు.

ఏ చర్చి అని మొదట్లోనే అడగమన్నది ఇందుకు. మెథడిస్టులు, బాప్టిస్టులు లాంటివాళ్ల బాప్టిజాలు పారిష్ చర్చి పుస్తకంలో ఉండకపోవచ్చు. వాళ్ల పాత రిజిస్టర్లు చాలావరకు లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి, ఆన్‌లైన్‌లోనూ చూడవచ్చు. పెళ్లి మాత్రం 1754 నుంచి 1837 దాకా, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, యూదులు తప్ప అందరూ పారిష్ చర్చిలోనే చేసుకోవాలి. అందుకని బాప్టిజం దొరక్కపోయినా పెళ్లి దొరుకుతుంది.

ఇంకో తిరకాసు పారిష్ హద్దులు. ఉత్తరాన పారిష్‌లు చాలా పెద్దవి. బర్న్‌లీ చర్చి ఒకప్పుడు వాలీ అనే పారిష్ కింద ఉపచర్చి. ఒక చోట లేరని వదిలేయకుండా పక్క ఉపచర్చిలన్నీ చూడాలి. లాంకషైర్‌వాళ్ల అదృష్టం, లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే వలంటీర్లు లక్షల ఎంట్రీలు టైప్ చేసి ఉచితంగా పెట్టారు. వేరే కౌంటీలకు ఫ్రీరెజ్, ఫ్యామిలీసెర్చ్ చూడండి. టైప్ చేసినది దొరికాక వీలైతే అసలు పేజీ బొమ్మ చూడాలి. పాత రాతలో పొడవాటి ఎస్ అక్షరం ఎఫ్ లాగా ఉంటుంది, టైప్ చేసినవాళ్లు బోల్తా పడతారు. లాటిన్‌లో రాసిన పుస్తకాల్లో గులియెల్మస్ అంటే విలియం, జాకోబస్ అంటే జేమ్స్. ఇలాంటివి ఇరవై పేర్లు నేర్చుకుంటే గడిచిపోతుంది.

తేదీల విషయం మనకు తేలిగ్గానే ఎక్కుతుంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో. కాబట్టి రిజిస్టర్‌లో 1720 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1721. డిసెంబరులో పెళ్లయి, ‘అదే ఏడాది’ ఫిబ్రవరిలో బిడ్డ పుట్టినట్టు కనిపిస్తే తొందరపడి చెవులు కొరుక్కోవద్దన్నమాట. కాకపోతే ఇక్కడ రెండు నెలల తేడానే ఉంది కాబట్టి, కొంచెం కొరుక్కోవచ్చు.

వీలునామాలు, మిగతావి

1858 జనవరి 12 నుంచి వీలునామాలన్నిటికీ దేశం మొత్తానికీ ఒకే జాబితా. ఏడాది వారీగా ఆన్‌లైన్‌లో వెతికి, డబ్బు కట్టి కాపీ తెప్పించుకోవచ్చు. అంతకుముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో ఉండేవి. దక్షిణాది డబ్బున్నవాళ్లవి ఎక్కువగా కాంటర్‌బరీ కోర్టులో, అవి నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో దొరుకుతాయి. ఉత్తరాదివాళ్లకు యార్క్ చూడాలి. కూలీనాలీ చేసినవాళ్లకు వీలునామా ఉండదు, వాళ్ల జాడ పేదల సాయం రికార్డుల్లో, పేదలకు పని చేయించి తిండి పెట్టిన వర్క్‌హౌస్‌ల పుస్తకాల్లో దొరుకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం సిపాయి ఫైలు దొరక్కపోతే కంగారు పడకండి, 1940 బాంబు దాడిలో సగానికి పైగా కాలిపోయాయి.

మీ ఇంటిపేరు వంశచిహ్నం అంటూ డాలు బొమ్మ అమ్మే దుకాణాలు టూరిస్టు ఊళ్లలో కనిపిస్తాయి. ఆ చిహ్నాలు ఇచ్చేది మనిషికీ అతని వారసులకూ, ఇంటిపేరుకు కాదు. ఫ్రిజ్ మీదికి అయితే కొనుక్కోండి.

బతికున్నవాళ్ల వివరాలు బహిరంగంగా పెట్టకండి. తల్లి పుట్టింటి పేరు చాలా బ్యాంకుల్లో సెక్యూరిటీ ప్రశ్న. ఇది మాజీ బ్యాంకు ఉద్యోగిగా చెబుతున్నా.

మనిషి ఇండియాకు వచ్చి ఉంటే

అప్పుడు ఇక్కడ జరిగిన పుట్టుక, పెళ్లి, చావు ఇంగ్లండ్ ఇండెక్స్‌లో ఎంత గాలించినా మామూలుగా దొరకవు. ఇక్కడి చర్చిల్లో జరిగిన బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులుగా ఉన్నాయి. బెంగాల్‌కు ఎన్ 1, మద్రాసుకు ఎన్ 2, బొంబాయికి ఎన్ 3 అనే వరుసలు. మచిలీపట్నం, విశాఖ, కడప, రాజమండ్రి లాంటి చోట్లవి మద్రాసు వరుసలో చూడాలి. చాలావరకు బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్‌లో ఉన్నాయి. ఫిబిస్ అనే సంఘం సైట్‌లో పేర్లు ఉచితంగా వెతకవచ్చు.

ఉద్యోగం చేసిన ఊరును బట్టి వెతికితే తప్పుదారి పడతారు. సి.పి. బ్రౌన్‌నే చూడండి. మనకు ఆయన కడప, మచిలీపట్నం మనిషి. పుట్టింది మాత్రం 1798లో కలకత్తాలో, కాబట్టి బాప్టిజం బెంగాల్ వరుసలో చూడాలి. తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో చర్చి అధికారిగా పనిచేసి 1812లో అక్కడే పోయారు, ఆ ఖననం కూడా బెంగాల్‌దే. డేవిడ్ పుట్టింది యార్క్‌షైర్‌లో, ఆయన తల్లిదండ్రుల కోసం మళ్లీ ఇంగ్లండ్ పారిష్ రిజిస్టర్లే దిక్కు. కొడుకు బ్రౌన్ 1884 డిసెంబరులో లండన్‌లో పోయారు. ఇది కాటన్ దొరగారి లాగే ఇంగ్లండ్ ఇండెక్స్‌లోకి వస్తుంది. ఒకే ఇంటివాళ్లకు మూడు చోట్ల గాలించాలి.

నా సంగతి అంటారా, హెన్రీ తాత దగ్గర ఆగాను. 1790ల్లో పది మైళ్ల లోపల అదే పేరుతో ముగ్గురు బాప్టిజం పొందారు, ఎవరూ చిన్నప్పుడు పోలేదు. మనవడి చార్టులో ఆ గడిలో మూడు పేర్లూ పెన్సిల్‌తోనే ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌లో పేదల సాయం కాగితాలు చూడాలి. అలాంటి చోటికి వెళ్లేముందు ఏ కట్ట కావాలో వాళ్ల కేటలాగ్‌లో నంబర్ రాసుకోండి, అడ్రస్ రుజువు, గుర్తింపు కార్డు పెట్టుకోండి. పెన్ను లోపలికి రానివ్వరు, రెండు పెన్సిళ్లు చెక్కి జేబులో వేసుకోండి.